క్షయకరణ విభజన గురించి రాస్తున్న అమ్మాయికి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. క్షయకరణ విభజన మీద, అంటే జన్యువులను మోసే క్రోమోసోముల సంఖ్యను సగం చేసి అండం, వీర్యకణం లాంటి బీజకణాలకు దారితీసే మియోసిస్ మీద, తెలుగులో రాయాలని పూనుకున్నందుకు చాలా సంతోషం. అయితే మొదటి పేరాలోనే లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్ అంటూ దాని దశల పేర్లు వరసపెట్టేశావు. ఇంటర్లో వాటిని బట్టీపట్టి టెన్షన్ పడినవాళ్ళు అక్కడే చదవడం ఆపేస్తారు. లోపల ఏం జరుగుతోందో తెలిశాక పేరు చెప్పు, గుర్తుంటుంది.

మీది చిత్తూరు కదా, మామిడితో మొదలుపెట్టు. తోతాపురి తోట వేసే రైతు టెంక నాటడు, అంటు మొక్క తెచ్చుకుంటాడు. టెంక పెడితే తల్లి కాయ రాదని అతనికి తెలుసు. అంటు పెరిగేది సమవిభజనతో, అంటే కణం అచ్చు తనలాంటి రెండు కణాలుగా విడిపోవడంతో, అందుకే కొమ్మ ఏ చెట్టుదో కాయా ఆ చెట్టుదే. టెంక వెనకాల మియోసిస్ ఉంది. మల్లిక, ఆమ్రపాలి సంగతి కూడా రాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ రెండింటినీ నీలం, దశేరి రకాలను కలిపే తెచ్చింది. మల్లికకు తల్లి నీలం, ఆమ్రపాలికి తల్లి దశేరి. మల్లిక కాయ పెద్దది. ఆమ్రపాలి చెట్టు పొట్టిది, కాయ చిన్నది, ఏటా కాస్తుంది. అమ్మానాన్నల జత ఒకటే అయినా పిల్లలు ఇంత వేరుగా ఎందుకున్నారని పాఠకుడు అడిగేలా చెయ్యి, ఆ తర్వాత కణంలోకి తీసుకెళ్ళు.

పేకముక్కలు కలిపినట్టు అన్న నీ పోలిక సగం దాకా పనికొస్తుంది. మనిషిలో 46 క్రోమోసోములు, అంటే 23 జతలు. ఒక్కో జతలో తల్లి ఇచ్చినది ఎటు పోతుందో, తండ్రి ఇచ్చినది ఎటు పోతుందో మిగతా జతలతో నిమిత్తం లేకుండా తేలుతుంది. ఆ లెక్కనే 83,88,608 రకాల బీజకణాలు రావచ్చు. కానీ పేకలో ముక్క చిరగదు, ఇక్కడ చిరుగుతుంది. వ్యాసానికి ప్రాణం అదే, అక్కడ తొందరపడకు. అప్పటికే డీఎన్ఏ రెట్టింపై ఉంటుంది కాబట్టి జతకు నాలుగు పోగులు. జత క్రోమోసోములు పొడవునా ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. కణం తన డీఎన్ఏను తానే అక్కడక్కడా తెంపుకుంటుంది. తెగిన చోటు అతుక్కునేటప్పుడు ఎదుటి క్రోమోసోము పోగుతో ముక్కలు అటువి ఇటు మారతాయి. మీ నాన్న నీకిచ్చిన ఒకే క్రోమోసోములో ఒక ముక్క మీ తాతది, దాని పక్కది మీ అవ్వది కావడం ఇలాగే. 1931లో హ్యారియెట్ క్రైటన్, బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో దీన్ని రుజువు చేశారు. జన్యువులు చోటు మారినప్పుడు క్రోమోసోము ముక్కలు కూడా మారడం మైక్రోస్కోపులో కనబడింది.

ఒక సంగతి నువ్వు వదిలేశావు. మార్పిడి జరిగిన చోట పడే ముడిని కయాస్మా అంటారు. పంపకం దాకా జతను పట్టి ఉంచేది ఆ ముడే. అది లేకపోతే క్రోమోసోములు లెక్క తప్పి ఒకే కణంలోకి పోవచ్చు.

తర్వాతి దశలకు నాలుగు వాక్యాలు చాలు. మొదటి విభజనలో జతలు విడిపోయి సంఖ్య సగమవుతుంది. రెండోదానిలో పోగులు విడిపోతాయి. మధ్యలో డీఎన్ఏ మళ్ళీ రెట్టింపు కాదు, అది తప్పక రాయి.

అండం గురించి మాత్రం కాస్త నిలబడి రాయి. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాల్లో మియోసిస్ మొదలై, సగంలో ఆగిపోతుంది. పెద్దయ్యాక విడుదలయ్యే ముందు కదులుతుంది, వీర్యకణం చేరితేనే రెండో విభజన ముగుస్తుంది. నువ్వు పుట్టిన అండం మీ అమ్మమ్మ కడుపులోనే తయారవడం మొదలైంది! ఏళ్ళ తరబడి ఆగి ఉన్నందువల్ల, వయసుతో పాటు పంపకంలో పొరపాట్లు పెరుగుతాయి. 21వ క్రోమోసోము మూడు ప్రతులు వస్తే డౌన్ సిండ్రోమ్. ఇది రాసేటప్పుడు తల్లి తప్పు అన్నట్టు ధ్వనించకుండా జాగ్రత్తపడు. అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో కూడా నీ వ్యాసం చదువుతారు.

మియోసిస్ కొత్త జన్యువులను పుట్టిస్తుంది అన్న వాక్యం కొట్టెయ్యి. కొత్త రూపాలు ఉత్పరివర్తనాలతో, అంటే డీఎన్ఏలో పడే మార్పులతో వస్తాయి, మియోసిస్ ఉన్నవాటినే కొత్తగా జోడిస్తుంది.

బొమ్మలు నువ్వే గీయి. తల్లి వైపుదానికి ఒక రంగు, తండ్రి వైపుదానికి ఇంకో రంగు వేస్తే మార్పిడి ఇట్టే తెలుస్తుంది. తిరగరాసి పంపు, చదివి మళ్ళీ ఉత్తరం రాస్తాను.

నీ మేలు కోరే
మాస్టారు