అత్తగారికి కిడ్నీ జబ్బు, ఇప్పుడు హెల్త్ పాలసీ కట్టాలా?

మందస దగ్గర పల్లె నుంచి ఒక చెల్లెమ్మ అడిగింది. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచే పని, నెలకి 9 వేలు వస్తాది, భర్త హైదరాబాద్‌లో తాపీ పని, ఇద్దరు పిల్లలు. అత్తగారికి బీపీ, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.8 వచ్చింది. నెలనెలా వైజాగ్ ప్రైవేటు డాక్టరు దగ్గరకి తీసుకెళ్తుంటే మందులు, టెస్టులు, చార్జీలు కలిపి 5 వేలు దాటిపోతోందట, దానికోసం నూటికి మూడు వడ్డీకి 40 వేలు తెచ్చారు, ఇప్పుడు ఒక ఏజెంటు ఏడాదికి 18 వేలు కడితే ఇంటిల్లిపాదికీ పాలసీ అంటున్నాడు, కట్టమంటారా అని.

వద్దమ్మా, ఇప్పుడైతే కట్టకండి.

మీ డబ్బు ఎటు పోతోందో చూడండి, ఓపీకి (అడ్మిట్ కాకుండా చూపించుకోడానికి), మాత్రలకి, బస్సుకి, ఆ రోజు పోయిన కూలికి. మామూలు పాలసీలు అడ్మిట్ అయితేనే ఇస్తాయి, పైగా ముందే ఉన్న జబ్బుకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టుకోవచ్చు, అంటే అసలు ఎవరి కోసం కడుతున్నారో ఆవిడకే పనికిరాదు. ఫారంలో కిడ్నీ సంగతి రాయొద్దు అని ఆ ఏజెంటు అన్నాడని కూడా రాశారు కదా, ఆ ఒక్క మాటకే ఆయన్ని గుమ్మంలోంచి పంపించేయొచ్చు. రేపు క్లెయిమ్ పెడితే పాత రిపోర్టులన్నీ తీస్తారు, కొట్టేస్తారు, కమిషన్ ఆయనకి మిగుల్తాది, అప్పు మీకు మిగుల్తాది.

అడ్మిషన్ ఖర్చుకి మీకు ఆరోగ్యశ్రీ ఉంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. 2023 డిసెంబర్‌లో పరిమితి 25 లక్షలు చేశారు. కాకపోతే చిన్నోడి పేరు రైస్ కార్డులో ఎక్కలేదన్నారు, ముందు సచివాలయానికెళ్లి అది చూసుకోండి, జ్వరమొచ్చి ఆసుపత్రి మెట్లెక్కాక గుర్తొస్తే లాభం లేదు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే ఈ పథకం నడిచే ఆసుపత్రిలో డబ్బులు కట్టమంటే అక్కడ పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్రని కలవండి, తేలకపోతే 104కి ఫోన్ చేయండి.

ఇక వైజాగ్ ప్రయాణం. మీ ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి ఉన్న కిడ్నీ బాధ కోసమే పలాసలో 200 పడకల సర్కారు ఆసుపత్రి పెట్టారు కదా, మీకు పక్క ఊరు, పాత రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టి ఒకసారి అక్కడ చూపించండి. ప్రైవేటు డాక్టరునే నమ్ముతామంటే సరే, కానీ నెలనెలా వెళ్లాలా, మూడు నెలలకోసారి వస్తే చాలా అని ఆయన్నే అడగండి, మధ్యలో బీపీ ఊర్లోనే ఏఎన్ఎం చూస్తుంది, బీపీ మాత్రలు పీహెచ్‌సీలో ఫ్రీ. అక్కడ దొరకనివి తక్కువ ధరకి మందులమ్మే జన ఔషధి షాపులో చీటీ చూపించి అడగండి, కంపెనీ పేరు కాదు, మందు పేరు ముఖ్యం. ఒకటి మాత్రం డబ్బుతో సంబంధం లేకపోయినా చెప్పాలి, ఒళ్లు నొప్పులని ఊరి షాపులో చీటీ లేకుండా తెచ్చే నొప్పి మాత్రలు చాలావరకు కిడ్నీని ఇంకా పాడు చేస్తాయి, డాక్టర్ని అడక్కుండా ఆవిడకి ఒక్కటి కూడా ఇవ్వకండి.

మీరు రాయనిది ఇంకోటుంది, ఫ్యాక్టరీలో ఇఎస్‌ఐ (పనివాళ్లకి సర్కారు ఆరోగ్య బీమా) కడుతున్నారా? పది మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట, జీతం 21 వేల లోపుంటే మామూలుగా కట్టాలి. మీ 9 వేల మీద మీకు కోసేది 68 రూపాయలు, ఓనరు వేసేది 293. దాంతో మీకూ పిల్లలకీ ఓపీ, మందులు కూడా వస్తాయి, జబ్బు చేసి పనికి వెళ్లకపోతే జీతంలో కొంత వస్తుంది. ఓనరు మొహం చిట్లిస్తాడని ఒక్కరే వెళ్లి అడగకండి, పదిమందీ కలిసి అడగండి.

అప్పు సంగతి. 40 వేలకి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 1,200, ఏడాదికి 14,400, అసలు అలాగే ఉంటుంది. డ్వాక్రా సంఘంలో రూపాయి వడ్డీకి ఇస్తే తెచ్చి దీన్ని తీర్చేయండి, నెలకి 800 మిగుల్తాది. పాలసీకి కడదామనుకున్న 18 వేలు ఎక్కడో సర్దే ఉంటారు కదా, అది కూడా ఈ అప్పుకే కట్టేయండి, అందులో ఓ మూడు వేలు మాత్రం ఆసుపత్రి చార్జీలకని విడిగా ఉంచుకోండి, బట్టలకి పండక్కి ముట్టుకోకుండా.

మీ ఇంట్లో నాకు అసలు భయం మీ ఆయన గురించి, అంతస్తుల మీద పని. బ్యాంకు అకౌంట్ ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో పోతే 2 లక్షలు. 50 ఏళ్ల లోపైతే జీవనజ్యోతి అనే జీవిత బీమా కూడా, ఏడాదికి 436 రూపాయలు. రెండూ మే నెలాఖరులో అకౌంట్‌లోంచి కట్ అవుతాయి, అప్పటికి అందులో ఓ 500 ఉండేలా ఆయనకి ఫోన్ చేసి చెప్పండి.