ఫ్రిజ్‌లో పెట్టిన సిగార్ ఎందుకు పగిలింది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సిగార్ల మీదే ఎక్కువ ప్రశ్నలున్నాయి, అందుకని శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. ముందుగా ఒక మాట. పొగ అలవాటు లేనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టొద్దు, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఇప్పటికే కాలుస్తున్నవాళ్లు, అన్నీ తెలిసే ఒకసారి చూద్దామని నిర్ణయించుకున్న పెద్దవాళ్లు ఉంటారు కదా, ఈ జవాబులు వాళ్లకి.

ప్రశ్న: ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది, ఫ్రెండ్స్ అంతా సిగార్ కాల్చాల్సిందే అంటున్నారు. ఎప్పుడో ఒక సిగరెట్ కాల్చడం తప్ప నాకేమీ తెలియదు. షాపుకి వెళితే నల్లవి, లేతరంగువి, పొట్టివి, లావువి ఎన్నో ఉన్నాయి. మొదటిది ఎలాంటిది కొనాలి? (గచ్చిబౌలి, హైదరాబాద్)

జవాబు: రంగు చూసి భయపడకండి. నల్లగా ఉంటే ఘాటు, లేతగా ఉంటే చప్పన అని చాలామంది అనుకుంటారు, అది తప్పు. మడూరో అనే ఆ ముదురు రంగు, పైన చుట్టే ఆకుని ఎక్కువ రోజులు వేడిలో మాగబెట్టడం వల్ల వస్తుంది. మాగిన ఆకుకి కాస్త తీపి, కాఫీ గింజల వాసన ఉంటాయి. ఘాటు సంగతి తేల్చేది ఎక్కువగా లోపల పెట్టే ఆకులు. మొక్క పైభాగంలో బాగా ఎండ తిన్న ఆకుని లిహేరో అంటారు, ఘాటు దానిదే. నడిమి ఆకు సెకో, వాసన ఇచ్చేది అది. కింది ఆకు వొలాడో, నిప్పు ఆరకుండా కాలడానికి పనికొస్తుంది. ఈ మూడింటినీ కలిపి, మీద బైండర్ అనే ఆకు చుట్టి, ఆ పైన నునుపైన రేపర్ చుడతారు.

సైజులో రెండు లెక్కలున్నాయి, ఒకటి పొడవు, రెండోది లావు. లావుని అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు, అంటే 50 అని రాసి ఉంటే దాదాపు 20 మిల్లీమీటర్లన్నమాట. ఎక్కువమంది కొనే రోబుస్టో 5 అంగుళాల పొడవు, 50 లావు ఉంటుంది, నెమ్మదిగా కాలిస్తే ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. మొదటిసారికి అంత వద్దు. 42 లావుండే పెటీ కరోనా అనే చిన్న సైజు తీసుకోండి. రేపర్ కనెక్టికట్ షేడ్ అయితే మంచిది, ఆ మొక్కల మీద గుడ్డ పందిరి వేసి నీడలో పెంచుతారు కాబట్టి ఆకు పల్చగా, లేతగా వస్తుంది. దేశం అడిగితే డొమినికన్ రిపబ్లిక్‌వి మెత్తన అని పేరు, నికరాగ్వావి ఘాటు అని పేరు, అయితే రెండు చోట్లా రెండు రకాలూ దొరుకుతాయి. చేత్తో చుట్టిందా, లాంగ్ ఫిల్లరేనా అని మాత్రం తప్పకుండా అడగండి. లాంగ్ ఫిల్లర్ అంటే లోపల ముక్కలు కాకుండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నిండు ఆకులు ఉంటాయి.

కొనేముందు రెండు వేళ్ల మధ్య పెట్టి కొద్దిగా నొక్కండి. స్పాంజిలా లోపలికి వెళ్లి మళ్లీ పైకి రావాలి. చిటచిటమంటే ఎండిపోయింది, ఒకచోట గట్టిగా గడ్డలా తగిలితే అక్కడ గాలి ఆడదు. మామూలు గాజు అలమరాలో ఏసీ గాలికి పడి ఉన్నవాటిని ఎంత పెద్ద బ్రాండ్ అయినా కొనొద్దు. డబ్బాలు డబ్బాలు కూడా వద్దు, రెండు చాలు.

ప్రశ్న: మా బావమరిది తెచ్చిన లావుపాటి సిగార్ కాల్చాను. సగానికి వచ్చేసరికి ఒళ్లంతా చెమటలు, కళ్లు తిరిగాయి, చివరికి వాంతి అయ్యింది. నేను రోజూ సిగరెట్ కాల్చేవాణ్ణే, మరి ఇదెందుకు పడలేదు? (విశాఖపట్నం)

జవాబు: నికోటిన్ ఎక్కువైంది, అంతే. ఒక సిగరెట్‌లో పొగాకు గ్రాము కూడా ఉండదు, పెద్ద సిగార్ ఒక్కదాంట్లో సిగరెట్ ప్యాకెట్ మొత్తంలో ఉన్నంత ఉండొచ్చు. మీరేమో అలవాటు కొద్దీ గబగబా లాగి, పొగని గుండెల్లోకి పీల్చి ఉంటారు, బహుశా ఖాళీ కడుపుతో. మళ్లీ అలా అనిపిస్తే ఆ క్షణమే పక్కన పెట్టేసి, గాలి తగిలేచోట కూర్చుని, పంచదార నీళ్లు తాగండి. గుండెలో నొప్పిగానీ, ఊపిరి ఆడకపోవడంగానీ ఉంటే అది వేరే సంగతి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కాల్చే పద్ధతి కూడా చెబుతాను. మూసి ఉన్న కొనకి చిన్న టోపీలా ఆకు ముక్క అతికించి ఉంటుంది, దాని గీత కింద దాకా కోస్తే రేపర్ విడిపోతుంది. కొన నుంచి 2 మిల్లీమీటర్లు కోస్తే సరిపోతుంది. వెలిగించడానికి గ్యాస్ లైటర్ వాడండి, పెట్రోల్ లైటర్ వాసన ఆకుకి పట్టేస్తుంది. మంట అంచుకి తగలకుండా కొంచెం దూరంలో పెట్టి, సిగార్‌ని తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా కాచండి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకోండి. ఇక నిమిషానికి ఒక్క దమ్ము. పొగని నోట్లోనే ఉంచి వదిలేయాలి. త్వరత్వరగా లాగితే నిప్పు వేడెక్కి చేదు దిగుతుంది, నాలుక మండుతుంది. బూడిద మాటిమాటికీ దులపక్కర్లేదు, అంగుళం దాకా నిలబడుతుంది. చివరి మూడో వంతు ఎప్పుడూ ఘాటే, అక్కడ ఆపేస్తే నష్టమేమీ లేదు. సిగరెట్‌లా నలిపి ఆర్పొద్దు, చెడ్డ కంపు వస్తుంది, యాష్‌ట్రేలో వదిలేస్తే దానంతటదే ఆరిపోతుంది.

ప్రశ్న: పెళ్లిరోజుకి తమ్ముడు పది సిగార్ల డబ్బా ఇచ్చాడు. ఎండలకి పాడవుతాయేమోనని ఫ్రిజ్‌లో పెట్టాను. నెల తర్వాత తీస్తే రెండు పగిలాయి, మిగతావి ఎండుటాకుల్లా ఉన్నాయి, పైగా ఏదో కూర వాసన. ఇప్పుడేం చేయాలి? (విజయవాడ)

జవాబు: అయ్యో, పాపం, చాలామంది చేసే పొరపాటే ఇది. ఫ్రిజ్ చల్లగా ఉంటుంది నిజమే, కానీ లోపలి గాలిలో తేమని లాగేస్తుంది. సిగార్‌కి చల్లదనం కంటే తేమ ముఖ్యం. మన పొగాకు రైతుల్ని అడగండి, వాళ్లకి దీనికి మంచి మాట ఉంది, పదును. మా పెదనాన్న ఆకుని రెండు వేళ్లతో నలిపి చూసి, “ఇప్పుడు ముట్టుకుంటే పొడైపోద్ది, పొద్దున్నే మంచు పదునులో తీద్దాం” అనేవారు. మధ్యాహ్నం పటపటలాడిన అదే ఆకు తెల్లారేసరికి గుడ్డలా మడత పడేది. సిగార్ దాచడమంటే ఆ తెల్లవారుజాము పదునుని ఏడాది పొడవునా డబ్బాలో నిలబెట్టడమే.

లెక్క చెప్పాలంటే గాలిలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య, వేడి 18 నుంచి 21 డిగ్రీలు ఉండాలి. స్పానిష్ సెడార్ అనే చెక్కతో చేసిన హ్యుమిడార్ పెట్టెలు ఇందుకే. పది సిగార్లకి ఆ ఖర్చు వద్దు. రబ్బరు అంచుతో గట్టిగా బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, బొవేడా లాంటి తేమ ప్యాకెట్ ఒకటి, తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి తీసుకోండి. ఆ ప్యాకెట్ తేమ తగ్గితే ఇస్తుంది, ఎక్కువైతే పీల్చుకుంటుంది, 60 గ్రాములది 25 సిగార్ల దాకా సరిపోతుంది. మన దగ్గర 65 అంకె ఉన్నది బాగుంటుంది, వానాకాలంలో కోస్తా గాలికి 70 దాటితే బూజు పడుతుంది. తడిగుడ్డ, ఆపిల్ ముక్క, బంగాళాదుంప తొక్క పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు, వినకండి, అవి బూజుని పిలిచి పీట వేయడమే.

హైగ్రోమీటర్ని నమ్మేముందు ఉప్పుతో పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా మాత్రమే నీటి చుక్కలు వేసి, దాన్నీ హైగ్రోమీటర్నీ ఒకే జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసేయండి. ఎనిమిది గంటల తర్వాత 75 చూపించాలి. 71 చూపిస్తే మీ మీటర్ 4 తక్కువ చెబుతోందని గుర్తు.

ఎండిన ఎనిమిదింటినీ ఒక్కసారిగా తేమలో ముంచొద్దు, లోపలి ఆకు ఉబ్బి పైది చిట్లిపోతుంది. ముందు 62 ప్యాకెట్‌తో రెండు మూడు వారాలు, తర్వాత 65. పోయిన వాసన పూర్తిగా తిరిగి రాదు, కూర వాసన కూడా మొత్తం పోతుందని మాట ఇవ్వలేను. పగిలిన రెండూ వదిలేయండి.

ఇంకో టెన్షన్ పురుగు. లాసియోడెర్మా అని నువ్వుగింజంత గోధుమరంగు పురుగు ఉంటుంది, దాని గుడ్లు ఆకులోనే ఉండి, 25 డిగ్రీలు దాటాక పిల్లలవుతాయి, రేపర్ మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లులు పడతాయి. బెజవాడ ఎండల సంగతి నేను మీకు చెప్పాలా! డబ్బాని ఏసీ వేసే గదిలో, బీరువా కింది అరలో, థర్మోకోల్ పెట్టెలో ఉంచండి. చిల్లు కనిపిస్తే మాత్రం సిగార్లన్నీ జిప్ కవర్లో బిగించి డీప్ ఫ్రీజర్లో మూడు రోజులు, తర్వాత మామూలు ఫ్రిజ్‌లో ఒక రోజు, ఆ పైన బయట. కవర్ తీయకుండానే ఇదంతా చేయాలి.

ప్రశ్న: మా వారు వారానికి మూడు సిగార్లు కాలుస్తారు. పొగ లోపలికి పీల్చను కాబట్టి సిగరెట్‌లా ప్రమాదం లేదంటారు. నిజమేనా అండీ? (కరీంనగర్)

జవాబు: నిజం కాదమ్మా. సిగార్ పొగకి క్షార గుణం ఎక్కువ, అందుకే నికోటిన్ ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండానే నోటి లోపలి చర్మం గుండా రక్తంలోకి ఎక్కుతుంది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక క్యాన్సర్లు సిగార్ వల్ల వస్తాయని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. తక్కువ కాలిస్తే ప్రమాదం తగ్గుతుంది తప్ప పోదు. నోట్లో మానని పుండుగానీ, తెల్లటి మచ్చగానీ రెండు వారాలకి మించి ఉంటే డెంటిస్టుకి చూపించాల్సిందే. మీరు, పిల్లలు పీల్చే పొగ కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి ఇంట్లో వద్దు, డాబా మీదే కాల్చమనండి. ఆ మాట గట్టిగా అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: దుబాయ్ నుంచి వస్తూ మామగారికి క్యూబా సిగార్లు తేవాలనుకుంటున్నాను. ఎన్ని తేవచ్చు? నకిలీవి ఎలా గుర్తుపట్టాలి? (షార్జా)

జవాబు: సుంకం లేకుండా 25 సిగార్లు, అది కూడా వాటితో పాటు సిగరెట్లు తేకపోతేనే. క్యూబావైతే డబ్బా అడుగున పూర్తిగా చేత్తో చేసినట్టు స్పానిష్‌లో అచ్చు ఉంటుంది. కోహిబా అని పేరున్న క్యూబా బ్రాండ్ ఒకటుంది, దాన్ని గాజు మూత ఉన్న డబ్బాలో అమ్మితే కచ్చితంగా నకిలీ. సగం ధరకి ఇస్తానన్నా నకిలీయే, 2022లో కోహిబా ధరలు ప్రపంచమంతటా ఒక్కసారిగా పెంచేశారు, అగ్గువకి ఎక్కడా రావు. మామగారు నిదానంగా కాల్చే మనిషైతే మోంటెక్రిస్టో నంబర్ 4 తీసుకోండి, 129 మిల్లీమీటర్ల పొడవు, 42 లావు. మీరు అమెరికా వెళ్లే బంధువుతో మాత్రం క్యూబావి పంపకండి, 1962లో మొదలైన నిషేధం ఇంకా ఉంది, ప్రయాణికులు సొంతానికి తెచ్చుకునే వెసులుబాటు కూడా 2020 సెప్టెంబర్లో తీసేశారు.

ప్రశ్న: మాది కోనసీమ. అమ్మమ్మ ట్రంకుపెట్టెలో తాతగారి లంక చుట్టలు నాలుగు దొరికాయి, ఆయన పోయి పదిహేనేళ్లయింది. సిగార్ అంటే మన చుట్టేనా? వీటిని హ్యుమిడార్లో దాచొచ్చా? (అమలాపురం)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండూ దగ్గరి చుట్టాలే. ఇంగ్లీషువాళ్లు చెరూట్ అనే మాట కూడా తమిళ, మలయాళాల్లో చుట్టకున్న పేరు నుంచే పుట్టింది. సిగరెట్లలోకి పోయే వర్జీనియా పొగాకుని ఒంగోలు వైపు బ్యారన్లు అనే ఆకు ఆరబెట్టే గదుల్లో వేడి పెట్టి, పసుపు రంగు వచ్చేలా ఆరబెడతారు. గోదావరి లంకల్లో వరద దించిన ఒండ్రు మీద పెరిగే లంక పొగాకు అలా కాదు, గాలికి ఆరి, మండె కట్టాక వేడెక్కి రంగు తిరుగుతుంది. నికరాగ్వాలో ఎస్తెలీ దగ్గర సిగార్ ఆకుని ఇలాగే గుట్టలు వేసి మాగబెడతారు, ఆ గుట్టని పిలోన్ అంటారు. మనం మండె అంటాం, వాళ్లు పిలోన్ అంటారు, పని ఒకటే. తేడా తర్వాత వస్తుంది. సిగార్‌లో మూడు రకాల ఆకుల్ని తూచి కలుపుతారు, మాగబెట్టడం నెలలూ సంవత్సరాలూ సాగుతుంది. చుట్టని మాత్రం తాతగారిలాంటివాళ్లు ఆకుకి నీళ్లు చిలకరించి, ఈనె చీరేసి, చేతిలోనే చుట్టేసుకునేవాళ్లు, సగం కాల్చి ఆర్పి, గూట్లో పెట్టి సాయంత్రం మళ్లీ అంటించేవాళ్లు. ఘాటు కూడా చాలా ఎక్కువ. ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు గుర్తించారు, అది కూడా మన చుట్ట చరిత్రలో భాగమే.

ఆ నాలుగింటినీ కాల్చకండి, దాచుకోండి. సిగార్ల డబ్బాలో మాత్రం కలపొద్దు, చుట్ట వాసన అన్నిటికీ పట్టేస్తుంది. ముందు చిల్లులున్నాయేమో దీపం దగ్గర పెట్టి చూడండి, ఉన్నా లేకపోయినా పైన చెప్పినట్టు ఫ్రీజర్లో మూడు రోజులు ఉంచండి. తర్వాత గట్టి మూత ఉన్న గాజు సీసాలో, అడుగున చిన్న 62 ప్యాకెట్, దాని మీద పల్చటి గుడ్డ, ఆ పైన చుట్టలు. ఎండ తగలనిచోట పెట్టి, నెల దాకా చేత్తో ముట్టుకోకండి, ఇప్పుడు ముట్టుకుంటే పొడి రాలుతుంది. నెల తర్వాత అమ్మమ్మగారి దగ్గరికి తీసుకెళ్లి మూత తీయండి. పదునెక్కిన ఆకు వాసన ఇస్తుంది, అది తాతగారిదేనా కాదా అన్నది ఆవిడకి తెలుస్తుంది.