తుపాను మరమ్మతులు: టెండరు లేకుండా అప్పగించవచ్చా?

ప్రశ్న: మేముండేది టెక్సాస్‌లో. తుపానుకు మా దేవాలయ భవనంలోకి నీరు చేరింది. ఆ నీటిని తోడించిన కాంట్రాక్టరుకే, టెండరు పిలవకుండా, మిగతా మరమ్మతులూ అప్పగిస్తే అమెరికా ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ ఫెమా నుంచి సాయం అందుతుందా?
– ఒక కార్యవర్గ సభ్యుడు

జవాబు: అందకపోయే ప్రమాదం ఉంది. లాభాపేక్షలేని సంస్థగా మీకు ఫెడరల్ నిధుల ఖర్చుకు నిబంధనలు చెప్పే ఫెడరల్ నియమావళి రెండవ శీర్షికలోని 200వ భాగం (2 CFR 200) వర్తిస్తుంది. అత్యవసర పరిస్థితి ఉన్నంతవరకు పోటీ లేకుండా పని అప్పగించడానికి అది అనుమతిస్తుంది కనుక నీళ్లు తోడించడానికి, కప్పుపై టార్పాలిన్ పరిపించడానికి అభ్యంతరం ఉండకపోవచ్చు. కానీ ఆ అవసరం తీరాక చేపట్టే శాశ్వత మరమ్మతులకు సాధారణంగా పోటీ తప్పనిసరి. పోటీ ఎందుకు సాధ్యపడలేదో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఒప్పందంలోని ఒక్క వాక్యం. “అయిన ఖర్చు, దానిపై 15 శాతం” అని ఉంటే సంతకం చేయకండి; ఖర్చు పెరిగేకొద్దీ లాభం పెరిగే ఆ పద్ధతి అత్యవసరంలోనూ నిషిద్ధమే. గంటల లెక్కన, సామగ్రి లెక్కన చెల్లించే ఒప్పందమైతే, వేరే పద్ధతి ఏదీ కుదరదని తేల్చుకొని, గరిష్ఠ మొత్తాన్ని తప్పక నిర్ణయించాలి. మరమ్మతుల పని వివరాల పత్రం గానీ, టెండరు పిలుపు గానీ ఆ కాంట్రాక్టరు చేతే రాయించారా? అయితే ఆయన ఆ టెండరులో పాల్గొనడానికి అనర్హుడవుతారు.