అమ్మతో కబురు పంపకండి, అన్నయ్యతోనే మాట్లాడండి

ప్రశ్న: నాన్న పోయి రెండేళ్లయింది. ఊళ్లో నాలుగున్నర ఎకరాల పొలం, ఇల్లు ఉన్నాయి. పిల్లలం అన్నయ్య, నేను ఇద్దరమే. అమ్మ అన్నయ్య దగ్గర ఉంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు అన్నయ్య ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. చదివి పెడతానన్నాను. ‘నా మీద నమ్మకం లేదా’ అని లేచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మాటల్లేవు, ఫోన్ ఎత్తడు. అన్నీ అమ్మే చెబుతోంది. ‘నీ పెళ్లికి ఎకరం అమ్మాం కదా అంటున్నాడు’ అంటుంది. ‘మీ వదినే నూరిపోస్తోందేమో’ అంటుంది. చివరికి ‘సంతకం పెట్టేస్తే నాకు మనశ్శాంతి’ అని ఏడుస్తుంది. నాకు ఆస్తి మీద ఆశ లేదు. చదవనివ్వకపోవడమే బాధ. వచ్చే నెల మేనకోడలి ఓణీల వేడుక. వెళ్లాలా, మానాలా?

జవాబు: ఆస్తి మీద ఆశ లేదన్నారు. ఆ మాట పుట్టింటి వాళ్ల ముందు అనడం మన ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నాకు రాసేటప్పుడు కూడా అనాలా? ఆశ ఉంటే ఉండనివ్వండి, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. లేకపోతే వదులుకోండి, అదీ మీ ఇష్టమే. కానీ వదులుకునేది ఎంతో తెలియకుండా సంతకం పెడితే, పదేళ్ల తర్వాత ఏ పండగకో చీర పెట్టలేదన్న చిన్న మాట దగ్గర ఇదంతా బయటికి వస్తుంది. కాగితం చదివి పెడతానని మీరు అన్నదాంట్లో తప్పేమీ లేదు.

అసలు చిక్కు మీ అమ్మగారి ఫోన్లలో ఉంది. ఇద్దరి మధ్య మాట కుదరనప్పుడు మూడో మనిషిని మధ్యలోకి లాక్కుంటారని అమెరికన్ మానసిక వైద్యుడు ముర్రే బోవెన్ చెప్పాడు. దానికి ‘త్రికోణం’ అని పేరు పెట్టాడు. మూడో మనిషి వచ్చాక ఆ ఇద్దరికీ కాస్త ఊపిరాడుతుంది, గొడవ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మీ ఇంట్లో జరుగుతున్నది అదే. మీ అన్నయ్య ఒక మాట అంటే అది అమ్మగారి భయం కలుపుకుని మీ దగ్గరికి వస్తోంది. మీ జవాబు ఆమె కన్నీళ్లతో కలిసి ఆయనకు చేరుతోంది. ‘ఎకరం అమ్మాం’ అని ఆయన ఏ సందర్భంలో అన్నాడో మీకు తెలియదు. అప్పుల లెక్క చెబుతూ అన్నాడేమో కూడా.

కాబట్టి మొదటి పని ఆమెను ఆ మధ్యవర్తిత్వం నుంచి తప్పించడం. ఈసారి ఆమె ‘మీ అన్నయ్య ఏమన్నాడంటే’ అని మొదలుపెట్టగానే, ‘అమ్మా, అది అన్నయ్యనే అడుగుతాను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయో చెప్పు’ అనండి. ఒకటి రెండుసార్లు నొచ్చుకుంటారు. మీకు తన అవసరం లేదనుకుంటారు కూడా. అయినా అదే మాట మీద ఉండండి.

ఇక్కడే మీ ముగ్గురూ మరిచిపోయిన సంగతి ఒకటుంది. ఆ ఆస్తిలో మీ అమ్మగారికీ వాటా ఉంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, ఆ పొలం నాన్నగారి స్వార్జితమై, వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆమె, అన్నయ్య, మీరు సమాన వారసులు. నాయనమ్మగారు అప్పటికి బతికి ఉంటే ఆమెకూ ఒక భాగం వచ్చేది. పిత్రార్జితమైతే లెక్క మారుతుంది. కూతురికి పుట్టుకతోనే హక్కు అని మన ఉమ్మడి రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. అయితే అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలను పక్కన పెట్టింది. 2005లో కేంద్రం ఆ తేడా తీసేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పిత్రార్జితమైనా సరే, నాన్నగారి భాగంలో అమ్మగారికి వాటా వస్తుంది. ‘నువ్వు సంతకం పెట్టెయ్’ అంటున్న ఆమెను ‘నీ భాగం సంగతి ఏం చేద్దామనుకుంటున్నావు అమ్మా?’ అని ఎవరైనా అడిగారా? రేపు మందులకు చేయి చాచకుండా ఉండటానికి ఆమెకు ఏం మిగులుతుందన్నది కూడా మీరు అన్నయ్యతో కూర్చుని మాట్లాడే రోజు తేలాలి.

ఇక అన్నయ్య. ఆయన వైపు నుంచి కూడా ఒక్కసారి చూడండి. నాన్నగారిని ఆస్పత్రికి తిప్పిందీ, పంట రుణం కట్టిందీ, అర్ధరాత్రి నీళ్ల తడికి లేచిందీ ఆయనే అయితే, ఊళ్లో లేని చెల్లెలు ‘చదివి పెడతాను’ అన్నప్పుడు ఆ మాట ఆయన చెవికి వేరేగా వినిపించి ఉంటుంది. ఆయన చాకిరీని ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదేమో. అంతమాత్రాన కాగితం చూపించకపోవడం న్యాయమైపోదు.

వాట్సాప్‌లో రాయకండి, మనిషిని చూస్తూ మాట్లాడండి. వెళ్లేముందు ఒక్క ఫోన్ చేయండి, ఎత్తకపోతే ఇంతే సందేశం పెట్టండి: ‘అన్నయ్యా, ఆదివారం ఒక్కదాన్నే వస్తున్నాను. ఆ కాగితం నకలు తీసి ఉంచు. నాన్న వైద్యానికి, అప్పులకు నువ్వు పెట్టిన ఖర్చుల లెక్క కూడా చూద్దాం.’ మీ వారిని ఈ ఒక్కసారికి తీసుకెళ్లకండి. బావగారు పక్కన కూర్చుంటే మీ అన్నయ్య చెల్లెలితో కాకుండా వియ్యాలవారితో మాట్లాడుతున్నట్టు బిగుసుకుపోతాడు. ముందు ఆయన్ను చెప్పనివ్వండి. మధ్యలో అందుకోకండి. గొంతులు లేస్తే ‘కాసేపు ఆగుదాం’ అని పెరట్లోకి వెళ్లండి. దంపతుల తగాదాలను పరిశోధనశాలలో గమనించిన జాన్ గాట్‌మన్, గుండె దడ తగ్గడానికి కనీసం 20 నిమిషాలు పడుతుందంటాడు. అన్నాచెల్లెళ్ల గుండెలు అంతకన్నా త్వరగా నెమ్మదిస్తాయని నేను అనుకోను. ఆ తర్వాత మీ మాట చెప్పండి: ‘నీ మీద అనుమానం లేదు. ఏమి రాశారో తెలియకుండా సంతకం పెట్టను.’ రెండు వాక్యాలూ కలిపే చెప్పండి.

వదిన విషయం ఎత్తనే వద్దు. ఇలాంటి ఉత్తరాల్లో నేరం చివరికి బయటి నుంచి వచ్చిన కోడలి మీదికే చేరుతుంది, చిత్రం! ఆమె ఏమన్నదో మీరు స్వయంగా వినలేదు.

ఇంత చేసినా ఆయన కాగితం ఇవ్వకపోతే, మీరిద్దరూ గౌరవించే పెద్దమనిషిని ఒక్కరిని కూర్చోబెట్టండి, ఊరంతటినీ కాదు. అదీ కుదరకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు అక్కడ ఉచిత న్యాయసహాయం అందుతుంది, ఫోన్ నంబరు 15100. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు. ఆ రాజీ మీద అక్కడిచ్చే తీర్పు (అవార్డు) కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఏ దశలోనైనా సరే, మీ వాటా వదిలే పత్రం రిజిస్టర్ కావలసిందే. కాబట్టి ఖాళీలున్న కాగితం మీదగానీ, చదవని దాని మీదగానీ చేయి పెట్టకండి.

ఓణీల వేడుకకు తప్పకుండా వెళ్లండి. మేనత్త రాలేదని ఆ పిల్ల ఎందుకు బాధపడాలి? వీలైతే అన్నయ్యతో మాట్లాడటం అంతకుముందే పూర్తి చేసుకోండి. కాకపోతే ఆ రోజు మాత్రం పొలం ప్రస్తావన తేకండి. బంతిలో ఎవరైనా ‘సంతకం సంగతి ఏం చేశావమ్మా’ అని కదిపితే, ‘అది నేను, అన్నయ్య చూసుకుంటాంలెండి’ అని అన్నయ్యకు వినిపించేలా చెప్పి, అడిగినవారికి ఇంకో గరిటె పులిహోర వడ్డించండి.