గ్రీన్ కార్డు ఉన్న తమ్ముడు కోర్టులో గిల్టీ అని ఒప్పుకోవచ్చా?

అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉన్న మీ తమ్ముడిపై షాపులో దొంగతనం కేసు పెట్టారని, గిల్టీ అని ఒప్పుకుంటే ఫైన్‌తో పోతుందని లాయర్ అంటున్నాడని రాశారు. దయచేసి ఇప్పుడే సంతకం పెట్టనివ్వకండి.

మా మరిదికి అచ్చం ఇలాగే జరిగింది. సెల్ఫ్ చెకౌట్‌లో రెండు వస్తువులు స్కాన్ కాలేదు. "జైలు ఉండదు, ఒప్పుకుంటే ఈ రోజుతో అయిపోతుంది" అన్నాడు లాయర్. నలుగురికీ తెలిసేలోపే ముగించేయాలన్న తొందర మాకూ ఉంది. మా ఆయన స్నేహితుడొకరు పట్టుబట్టి ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి పంపారు. ఆవిడ మొదట అడిగింది కేసు గురించి కాదు, గ్రీన్ కార్డు మీద వచ్చి ఎన్నేళ్లయిందని. రెండేళ్లు. దొంగతనాన్ని ఇమిగ్రేషన్ చట్టం మామూలుగా అనైతిక నేరాల్లో కలుపుతుంది. దేశంలోకి అడ్మిట్ అయిన ఐదేళ్లలోపు చేసిన అలాంటి నేరానికి ఏడాది లేదా అంతకుమించి జైలు వేసే వీలుంటే చాలు, డిపోర్ట్ చేయొచ్చు, అంటే దేశం నుంచి పంపించేయొచ్చు. నిజంగా ఎంత శిక్ష పడిందన్నది కాదు, ఎంత పడే వీలుందన్నదే లెక్క. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

లాయర్ తప్పు చెబితే తర్వాత కోర్టుకెళ్లొచ్చు కదా అని అడిగారు. వెళ్లొచ్చు. 2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ దారి తెరిచింది. పడిల్లా హోండురాస్‌లో పుట్టాడు, 40 ఏళ్లకు పైగా అమెరికాలో ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. ఇన్నేళ్లుగా ఉన్నవాడివి, నీకేం భయం లేదన్న లాయర్ మాట నమ్మి గంజాయి రవాణా కేసులో గిల్టీ అని ఒప్పుకున్నాడు. డిపోర్టేషన్ ముప్పు గురించి క్లయింటుకు చెప్పడం లాయర్ బాధ్యతేనని, చెప్పకుండా ఊరుకున్నా తప్పేనని కోర్టు 7-2తో తేల్చింది. మాలాంటి కుటుంబాలకు ఇది చాలా పెద్ద తీర్పు.

కానీ దాని మీద భరోసా పెట్టుకుని సంతకం చేయకూడదు. ముప్పు ముందే తెలిసుంటే ఒప్పుకునేవాణ్ణి కాదని తర్వాత మీ తమ్ముడే నిరూపించుకోవాలి. 2017లో లీ కేసు చూడండి. 13 ఏళ్లప్పుడు దక్షిణ కొరియా నుంచి వచ్చిన మనిషి. డిపోర్ట్ అయితే గిల్టీ అని ఒప్పుకోవాలన్న నీ నిర్ణయం మారుతుందా అని జడ్జి అడిగితే మారుతుందన్నాడు. అందరికీ చెప్పే హెచ్చరికేలే అని పక్కనున్న లాయర్ సర్దిచెప్పాడు. ఆ మాటలు రికార్డులో ఉండబట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచాడు. అందరికీ అలాంటి రికార్డు దొరకదు.

మా మరిది విషయంలో ఇద్దరు లాయర్లూ మాట్లాడుకుని, ప్రాసిక్యూటర్‌ని ఒప్పించి, దొంగతనం మాటే లేని చిన్న అభియోగానికి మార్పించారు. ఫైన్ కట్టాడు, ఇక్కడే ఉన్నాడు.

ఛార్జ్ పేపర్ తీసుకుని ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్లండి. అందులోని సెక్షన్ నంబరు, తమ్ముడు అడ్మిట్ అయిన తేదీ, ఈ రెండూ వాళ్లు ముందు అడుగుతారు. కోర్టు తేదీ దగ్గర్లో ఉంటే వాయిదా అడగమనండి. మాకు అడగగానే ఇచ్చారు.