కరెంటొచ్చేసరికి గెస్టులు వాటంతటవే లేవాలి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

గుణుపురం కాలేజీలో సర్వరు గది తాళాలు నీ చేతికిచ్చారని మీ అమ్మ చెప్పింది. నీ మెసేజీ కూడా చూశాను. గెస్టులోంచి (సర్వరు లోపల నడిచే వర్చువల్ కంప్యూటర్లోంచి) ఇంటర్నెట్ వస్తోంది గానీ, లైబ్రరీ కంప్యూటర్ల నుంచి ఆ గెస్టు అందట్లేదన్నావు. ఏదీ పాడవలేదు అమ్మలూ, దాని తీరే అంత. గెస్టుల్ని నడిపించే సాఫ్ట్‌వేరు లిబ్‌విర్ట్ మామూలుగా ఇచ్చే డిఫాల్ట్ నెట్‌వర్క్, విర్‌బీఆర్0 అనే లోపలి బ్రిడ్జి (సాఫ్ట్‌వేరుతో చేసిన నెట్‌వర్క్ స్విచ్చి) మీద 192.168.122.0/24 అడ్రసులు పంచుతుంది. గెస్టు బయటికి పోతే నాట్ చేసి, అంటే దాని అడ్రసు మార్చి, హోస్టు (గెస్టుల్ని మోసే అసలు సర్వరు) అడ్రసు తగిలిస్తుంది. బయటివాళ్లకి లోపలికి దారుండదు. నీ ప్రయోగాలకి అది చాలు. అందరూ వాడే గెస్టుకి మాత్రం, కాలేజీ నెట్‌వర్క్‌లో నేరుగా కనిపించేలా అసలు బ్రిడ్జి వెయ్యాల్సిందే.

బీఆర్0 అనే కొత్త బ్రిడ్జి చేసి, హోస్టు ఈథర్‌నెట్ కార్డుని అందులో చేర్చు. ఐపీ అడ్రసు కార్డు మీద ఉండకూడదు, బ్రిడ్జి మీదికి మారాలి. ఈ పని ఇంట్లో కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగినై) మొదలెట్టకు. మధ్యలో లైను తెగితే రాత్రిపూట కాలేజీకి పరిగెత్తాలి. మానిటరు, కీబోర్డు తగిలించి సర్వరు ముందే కూర్చో. ఉబుంటు అయితే నెట్‌వర్క్ సెట్టింగుల్ని పరీక్షగా పెట్టి చూసే 'నెట్‌ప్లాన్ ట్రై' కమాండు ఉంది కదా అంటావు. 120 సెకన్లలో ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగులకి తిరిగిపోతుంది, నిజమే. కానీ బ్రిడ్జికి ఎస్‌టీపీ (నెట్‌వర్క్‌లో చుట్టుదారులు పడకుండా ఆపేది) లాంటి పారామీటర్లు రాశావంటే వాటిని వెనక్కి తిప్పడం దానికి రాదు. దాన్నే నమ్ముకోకు. వైఫైని బ్రిడ్జిలో పెట్టాలని కూడా చూడకు. తన దగ్గర నమోదుకాని మ్యాక్ అడ్రసుల్ని (నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు నంబర్లని) యాక్సెస్ పాయింటు ఒప్పుకోదు.

ఇంకో తలనొప్పి డాకర్, అంటే ప్రోగ్రాముల్ని కంటైనర్లలో విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేరు. అదే హోస్టు మీద ఎవరైనా డాకర్ పెట్టారంటే, నిన్నటిదాకా పలికిన గెస్టు ఉన్నట్టుండి మూగబోవచ్చు. హోస్టు నుంచి పింగ్ పోతుంది, లైబ్రరీ నుంచి పోదు. తమాషా ఏమిటంటే, లైబ్రరీ కంప్యూటరు ఏఆర్‌పీ పట్టికలో (ఏ ఐపీకి ఏ మ్యాక్ అన్న జాబితాలో) గెస్టు మ్యాక్ చక్కగా కనిపిస్తుంది. బీఆర్-నెట్‌ఫిల్టర్ అనే కెర్నల్ మాడ్యూల్ లోడయ్యాక బ్రిడ్జి మీది ఐపీ ప్యాకెట్లు కూడా ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్ గుండా వెళ్తాయి. అక్కడ దాటిపోయే ప్యాకెట్ల ఫార్వర్డ్ పాలసీని డాకర్ డ్రాప్‌కి (పారెయ్యడానికి) మార్చేసి ఉంటుంది. ఏఆర్‌పీ ఆ దారిన పోదు కాబట్టి బతికిపోతుంది. ఐపీటేబుల్స్‌లో మన రూల్సుకని ఉన్న డాకర్-యూజర్ చెయిన్‌లో బీఆర్0 నుంచి బీఆర్0కి అనుమతి రాస్తే సరిపోతుంది. నన్నడిగితే డాకర్‌నే ఓ గెస్టులోకి తోసెయ్.

ఇక కరెంటు సంగతి. కాలబైశాఖి గాలివాన రోజుల్లో మన వైపు సాయంత్రాలు ఎలా ఉంటాయో నీకు తెలియంది కాదు. కరెంటొచ్చి హోస్టు లేచినప్పుడు గెస్టులు కూడా లేవాలంటే ఒక్కోదానికీ 'విర్ష్ ఆటోస్టార్ట్' కొట్టాలి (విర్ష్ అంటే లిబ్‌విర్ట్‌కి ఆజ్ఞలిచ్చే కమాండు). డిఫాల్ట్ నెట్‌వర్క్‌కి 'విర్ష్ నెట్-ఆటోస్టార్ట్' వేరే కొట్టాలి. చాలామంది రెండోది మర్చిపోతారు. నెట్‌వర్క్ లేవకపోతే దాని మీదున్న గెస్టు అసలు స్టార్టవదు. హోస్టు ఆగేటప్పుడు గెస్టుల్ని దింపే సంగతి లిబ్‌విర్ట్-గెస్ట్స్ సర్వీసు చూసుకుంటుంది. ఆన్-షట్‌డౌన్‌ని 'షట్‌డౌన్' అని పెట్టి, టైమౌట్ ఎంతుందో చూడు. అది 300 సెకన్లయితే, యూపీఎస్ అంతకంటే ఎక్కువసేపు నిలబడాలి. బ్యాటరీ ముసలిదైతే ముందు దాన్ని మార్పించు.

'విర్ష్ షట్‌డౌన్' అంటే ఏసీపీఐ ద్వారా (పవర్ బటన్ నొక్కినట్టు) ఆగమని అడగడమే, గెస్టు వినకపోవచ్చు. 'డిస్ట్రాయ్' పేరు చూసి జడుసుకోకు. డిస్కు చెరిగిపోదు, ప్లగ్గు పీకినట్టు ఆగిపోతుందంతే. డేటాబేసు రాస్తున్నప్పుడు మాత్రం దాని జోలికి పోకు.

గెస్టులకి వంశధార, నాగావళి అని నదుల పేర్లు పెట్టావట. ముచ్చటగా ఉన్నాయి గానీ, రేపు నీ సీట్లోకి వచ్చే ఒడియా కుర్రాడికి నాగావళిలో హాజరుపట్టీ ఉందో లైబ్రరీ ఉందో ఎలా తెలుస్తుంది? పని పేరే పెట్టు. డిఫాల్ట్ నెట్‌వర్క్ మీదే మిగిలే గెస్టులకి మ్యాక్ అడ్రసు చూసి డీహెచ్‌సీపీలో (ఐపీ అడ్రసులు పంచే సర్వీసులో) ఒక్కోదానికీ మారని ఐపీ కట్టెయ్. బీఆర్0 మీదివాటికి ఆ పని కాలేజీ రౌటర్లో చెయ్యాలి. ఏ గెస్టుకి ఏ ఐపీ అన్న పట్టికని ఇంగ్లీషులో ప్రింటు తీసి ర్యాక్ తలుపు లోపల అంటించు.

ఏది మార్చేముందైనా విర్ష్ 'డంప్‌ఎక్స్‌ఎంఎల్'తో గెస్టు సెట్టింగుల నకలు తీసి పెన్‌డ్రైవులో పెట్టుకో. అన్నీ అయ్యాక ఓ సెలవురోజు పగలు హోస్టుని రీబూట్ చేసి, కీబోర్డు ముట్టకుండా లైబ్రరీ నుంచి చూడు. బ్రిడ్జి వేసే రోజు ముందే చెబితే ఫోను దగ్గరే ఉంటాను.

మీ మావయ్య,
పర్లాకిమిడి