క్యాంపులో వచ్చిన ఆనందం ఇంట్లో నిలవడం లేదు

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. గుంటూరులో డిగ్రీ పూర్తిచేసి బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. దసరా సెలవుల్లో మూడు రోజుల క్రైస్తవ యువజన సదస్సుకు వెళ్లాను. చాలా కాలం తర్వాత ప్రార్థనలో మనసారా ఏడ్చాను. చివరి రాత్రి, పూర్తికాల సేవకు, అంటే వేరే ఉద్యోగం లేకుండా దేవుడి పనికే, సమర్పించుకునేవాళ్లు లేవండి అంటే లేచాను. రోజూ నాలుగింటికే లేచి ప్రార్థన చేస్తానని తీర్మానం చేసుకున్నాను. నెల తిరక్కుండానే ఆ ఆనందం పోయింది. అర్ధరాత్రి దాకా చదవడం వల్ల బైబిల్ తెరిస్తే నిద్రొస్తోంది. తమ్ముడి మీద ఊరికే అరుస్తున్నాను. సమర్పణ సంగతి చెబితే నాన్న ‘ముందు ఉద్యోగం తెచ్చుకో’ అని కోప్పడ్డారు. నాదంతా నటనేనా?

జవాబు: నటన కాదమ్మా. అక్కడ ఏడ్చిందీ మీరే, ఇక్కడ విసుక్కుంటున్నదీ మీరే.

క్యాంపులో రోజు ఎలా గడిచిందో ఒకసారి గుర్తుచేసుకోండి. అలాంటి చోట్ల పొద్దున్నే ఎవరికి వారు ఒక మూల బైబిల్ పట్టుకుని కూర్చుంటారు. ఫోన్ వాడనివ్వరు. వంట, గిన్నెలు మన పని కాదు. చుట్టూ మన వయసువాళ్లే, సాయంత్రమైతే గిటారు, పాటలు, దేవుడు తమకేం చేశాడో చెప్పుకునే సాక్ష్యాలు. మనసు మెత్తబడటానికి ఇవన్నీ సాయం చేస్తాయి. అక్కడ దేవుడు పనిచేయలేదని నేననడం లేదు. మీరు ఆయన మాట వినడానికి అక్కడ తీరిక దొరికింది. ఇంట్లో మాక్ టెస్టులు, కుక్కర్ కూతలు, తమ్ముడి రీల్స్ మోత. అక్కడి భక్తి ఉత్సాహం ఇక్కడా అదే మోతాదులో ఉండాలనుకుంటే ఎవరికైనా నిరాశే.

బైబిల్లో, కర్మెలు కొండమీద తన ప్రార్థనకు ఆకాశం నుంచి అగ్ని దిగిరావడం చూసిన ఏలీయా ప్రవక్త, ఆ వెంటనే బదరీ చెట్టు కింద కూర్చుని తన ప్రాణం తీసెయ్యమని దేవుణ్ణి అడిగాడు. దేవదూత వచ్చి ‘నీ విశ్వాసం ఏమైంది’ అని నిలదీయలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. ప్రసంగాల్లో ఈ భాగాన్ని ఎందుకో తొందరగా దాటేస్తారు.

మీరూ ముందు నిద్రపోండి. పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే తమ్ముడి మీద కాక ఇంకెవరి మీద అరుస్తారు? ఆ తీర్మానాన్ని మార్చుకోవడం పాపం కాదు. మెలకువగా ఉండే వేళ చూసుకుని బైబిల్లోని కీర్తనల్లో ఒకటి చదవడం, పది నిమిషాల ప్రార్థన చాలు. ఆ కాసేపు ఫోన్ వేరే గదిలో పెట్టండి. క్యాంపులో దగ్గరైన ఇద్దరు ముగ్గురు అమ్మాయిలతో వారానికోసారి కలిసి ప్రార్థన చేసుకోండి, ఫోన్లోనైనా సరే. అయితే నిద్ర, ఆకలి తప్పి, దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు దాటితే అది భక్తి తగ్గడం కాకపోవచ్చు. డాక్టర్‌ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

ఇక సమర్పణ. పాట నడుస్తుండగా లేచి నిలబడటం మొదటి అడుగే. దాన్ని వెనక్కి తీసుకోనక్కర్లేదు, ఈ నెలలోనే తేల్చనూ అక్కర్లేదు. మిమ్మల్ని చిన్నప్పటి నుంచి చూస్తున్న పాస్టర్‌గారితో మాట్లాడండి. సండే స్కూల్లో ఒక తరగతి తీసుకోండి. ఏడాది తర్వాత కూడా సేవ చేయాలన్న ఆ తపన అలాగే ఉందేమో చూడండి. అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణంలో డేరాలు కుడుతూనే సువార్త చెప్పాడు కాబట్టి, బ్యాంకు పరీక్ష రాయడం దేవుడికి ఎదురు తిరగడమేమీ కాదు.

మీ నాన్నగారితో మళ్లీ మాట్లాడేటప్పుడు ‘దేవుడు నాతో చెప్పాడు’ అని మొదలుపెట్టకండి. ఆ మాట తర్వాత ఆయన ఏం మాట్లాడినా దేవుణ్ణి కాదన్నట్టే అవుతుంది. పరీక్షలు మానడం లేదని ముందు చెప్పండి. ఆయన భయం జీతం గురించా, మీ పెళ్లి గురించా అడగండి. తమ్ముడికి మాత్రం ఇవాళే సారీ చెప్పండి.